బొంబాయి ముసవ్వదా, మాంచెస్టర్ ముసవ్వదా

అసెంబ్లీలో బిల్లు పెట్టేముందు ‘ముసాయిదా సిద్ధం’ అని పత్రికల్లో రాస్తాం. ఉర్దూ ‘ముసవ్వదా’కు ఇది తెలుగు రూపం. దాని మూలంలో ‘సవాద్’ ఉంది, అంటే నలుపు. సిరాతో నల్లబడ్డ కాగితం, కొట్టివేతలు, మార్జిన్‌లో ఇరికించిన వాక్యాలు, అదీ ముసవ్వదా. దాన్ని సాఫ్‌గా తిరగరాస్తే ‘ముబయ్యజా’. ఇందులో ఉన్నది ‘బయాజ్’, తెలుపు. నల్ల కాగితం నుంచి తెల్ల కాగితానికి చేరేదాకా ముసన్నిఫ్ పడే తక్లీఫ్ అంతా ఈ రెండు లఫ్జుల మధ్యే ఉంది. తెలుగు మొదటి మాటను తెచ్చుకుంది, రెండోదాన్ని వదిలేసింది. మనకు ముసాయిదాలే తప్ప ముబయ్యజాలు లేవని నా దోస్తు ఒకడు నవ్వుతుంటాడు.

ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేసే పిల్లలు రిసాలాకు మొదటి పేపర్ పంపేటప్పుడు పడే పరేషానీ చూస్తుంటాను. టెంప్లేట్ ఏది, బొమ్మలు ఎంత సైజులో ఉండాలి, రిఫరెన్సులు ఏ తీరులో ఇవ్వాలి? ఇవన్నీ ఆయా జర్నల్ సూచనల్లోనే ఉంటాయి, చదువుకుంటే సరిపోతుంది. నాకు దిల్‌చస్పీ తారీఖ్‌లో. ఇద్దరు ఇంజినీర్లు పంపిన రెండు ముసవ్వదాల కిస్సా చెబుతాను. ఒకటి మన బొంబాయి నుంచి వెళ్లింది. రెండూ చేరింది ఒకే దర్వాజాకు, లండన్ రాయల్ సొసైటీకి.

జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ 1811లో ఎడిన్‌బరోలో పుట్టాడు. సివిల్ ఇంజినీర్ల దగ్గర పని నేర్చుకున్నాడు, లండన్ వెళ్లి రైల్వేల కోసం సర్వే చేశాడు, నక్షాలు గీశాడు. తర్వాత నౌకాదళపు సముద్ర పటాల శాఖలో చేరాడు. గాలి వేగాల స్కేలుతో పేరున్న బోఫోర్ట్ అక్కడ అతని అధికారి. ఆయన సాయంతోనే 1839లో బొంబాయిలో నౌకరీ దొరికింది, ఈస్ట్ ఇండియా కంపెనీ నౌకా క్యాడెట్లకు పాఠాలు చెప్పే పని. జీతానికి ఢోకా లేదు, చదువుకోవడానికి ఫుర్సత్ ఉంది. లేనిదల్లా తాను రాసింది చదివి ‘ఇక్కడ నీ మాట అర్థం కాలేదు’ అని చెప్పే సహచరులు.

అక్కడ కూర్చుని ఆయన రాసింది మామూలు మజ్మూన్ కాదు. వేడి అనేది ఒక రకమైన ద్రవమనే నమ్మకం ఆ రోజుల్లో ఇంకా బలంగా ఉంది. వాటర్‌స్టన్ అన్నది వేరు. వాయువులో లెక్కలేనన్ని అణువులు ఎటుపడితే అటు పరుగెడుతూ ఒకదాన్నొకటి ఢీకొడుతుంటాయి, పాత్ర గోడలకు అవి తగలడమే పీడనం, వాటి చలనశక్తే వేడి. ఒకే ఉష్ణోగ్రత దగ్గర బరువైన అణువులు నెమ్మదిగా, తేలికైనవి వేగంగా కదులుతాయి, సగటున రెండింటి శక్తీ సమానమే అని కూడా తేల్చాడు. క్లాసియస్ 1857లో, మాక్స్‌వెల్ 1860లో ఏ దారిన నడిచి పేరు తెచ్చుకున్నారో ఆ దారిలో ఈయన 1845లోనే ఉన్నాడు.

ఆ ఏడాది డిసెంబరులో ముసవ్వదా రాయల్ సొసైటీకి చేరింది. సూయెజ్ కాలువ తెరుచుకోవడానికి ఇంకా 24 ఏళ్లు ఉంది. టపాలో ఒక సందేహం పంపి జవాబు తెప్పించుకోవాలంటే నెలలు పట్టే కాలం. 1846 మార్చి 5న పేపర్ సారాంశాన్ని సభలో చదివారు. పూర్తి పాఠాన్ని అచ్చు వేయాలా వద్దా అన్న ఫైసలా ఇద్దరు పరీక్షకుల చేతికి వెళ్లింది. బేడెన్ పావెల్ అనే ప్రొఫెసర్ దాని మూల సూత్రాన్నే ఒప్పుకోవడం కష్టమన్నాడు. సర్ జాన్ లబక్ అంత మర్యాద కూడా చూపలేదు. ఇది ఒట్టి అర్థంలేని రాత, సభలో చదవడానికి కూడా పనికిరాదని తేల్చేశాడు. పేపర్ ఆగిపోయింది.

అసలు జుల్మ్ ఆ తర్వాతే జరిగింది. సభలో ఒకసారి చదివిన పేపర్ సొసైటీ ఆస్తి, రచయితకు తిరిగి ఇవ్వరు. ఇది అప్పటి కాయిదా. వాటర్‌స్టన్ తన దగ్గర నకలు పెట్టుకోలేదు. ఫోటోకాపీ లేని కాలంలో నకలు అంటే మళ్లీ మొత్తం చేత్తో రాయడమే. గణితంతో నిండిన అంత పెద్ద రాతను రెండోసారి రాసే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఆయన ముబయ్యజా లండన్ అల్మారాలో చిక్కుకుపోయింది. మరో రిసాలాకు పంపడానికి చేతిలో ఏమీ లేదు. 1857లో ఉద్యోగం మానేసి ఎడిన్‌బరో వెళ్లాడు. విద్వత్ సభల మాట ఎత్తితే చాలు, ఆయనకు కోపం వచ్చేదని తర్వాత బంధువులు చెప్పుకున్నారు. 1883 జూన్ 18న షికారుకని బయటికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు. నీళ్లలో పడి పోయాడని అనుకున్నారు.

అప్పటికి రాయల్ సొసైటీ కార్యదర్శిగా ఉన్న లార్డ్ రేలే, శబ్దం మీద వాటర్‌స్టన్ 1858లో అచ్చువేసిన ఒక పేపర్ చూశాడు. అందులో ఈ పాత రాత ప్రస్తావన ఉంది. 1891లో దాన్ని అల్మారా నుంచి తీయించి చదివాడు, 1892లో తన ముందుమాటతో అచ్చు వేయించాడు. 46 ఏళ్ల ఆలస్యం. మనిషి పోయి తొమ్మిదేళ్లు.

ఆ ముందుమాటలో రేలే రెండు మాటలన్నాడు. పేరులేని కుర్ర రచయిత మొదట చిన్న పరిధి ఉన్న పని చేసి, దాని విలువ సులువుగా తూచగలిగేలా చేసి, గుర్తింపు తెచ్చుకున్నాకే పెద్ద ఎత్తుకు ఎగరాలని ఒకటి. ఇది నాకు మింగుడుపడదు. తప్పు పరీక్షకుడిది, నసీహత్ రచయితకా? కానీ రెండోమాట పచ్చి నిజం. 1738లోనే డేనియల్ బెర్నూలీ ఈ ఊహను రాశాడు. దానికి కొనసాగింపుగా తన పేపర్‌ను పెట్టుకుని ఉంటే, దాన్ని అర్థంలేని రాత అనడానికి పరీక్షకుడు జంకేవాడని రేలే అన్నాడు. పేపర్ మొదట్లో పాత పనులను సమీక్షించే భాగాన్ని మన పిల్లలు బరువుగా, ఆఖరి రాత్రి కాపీ చేసి అతికించే తంతుగా చూస్తారు. నిజానికి అది వకాల్తా. ‘నేను ఒంటరిగా రాలేదు, నా వెనక ఫలానా ఉస్తాదులు ఉన్నారు’ అని చెప్పుకునే చోటు.

ఇక మాంచెస్టర్. ఆస్బర్న్ రేనాల్డ్స్ 1868 నుంచి అక్కడి ఓవెన్స్ కాలేజీలో ఇంజినీరింగ్ ప్రొఫెసర్. గాజు గొట్టంలో నీళ్లు పారిస్తూ, మధ్యలో సన్నటి రంగు చార వదిలాడు. వేగం తక్కువగా ఉన్నప్పుడు చార దారంలా నిటారుగా సాగింది. వేగం ఒక హద్దు దాటగానే చెదిరి, సుడులు తిరిగి నీళ్లంతా కలిసిపోయింది. వేగం, గొట్టం వ్యాసం, ద్రవం చిక్కదనం కలిపి ఒక సంఖ్యగా చేస్తే ఆ హద్దు సుమారు 2000 దగ్గర వస్తుంది. ఆ సంఖ్యకు రేనాల్డ్స్ పేరు తర్వాత 1908లో సోమర్‌ఫెల్డ్ పెట్టాడు. 1883లో ఈ తజ్రిబా పేపర్‌ను పరీక్షించిన వారిలో రేలే ఒకడు. అచ్చు వేయదగ్గదే అన్నాడు. ఒక ఎత్తరాజ్ మాత్రం చెప్పాడు. రచయిత చాలాచోట్ల తన సైద్ధాంతిక పని గురించి సూచిస్తున్నాడు గానీ, అదేమిటో తగినంత చెప్పడం లేదని.

ఆ సైద్ధాంతిక పని 1894లో వచ్చింది. సుడులు తిరిగే ప్రవాహాన్ని సగటు చలనం, దాని చుట్టూ ఊగిసలాట అని రెండు భాగాలుగా విడగొట్టిన పేపర్ అది. ఈరోజు డ్యామ్ స్పిల్‌వే నుంచి విమానం రెక్క దాకా కంప్యూటర్ మీద ప్రవాహం లెక్కవేసే ఇంజినీర్లలో చాలామంది ఆ సగటు సమీకరణాల మీదే ఆధారపడతారు. మరి పరీక్షకులు ఏమన్నారు? స్టోక్స్ చాలా జాప్యం చేశాడు. చివరికి వాదన తనకు సరిగ్గా అందలేదని ఒప్పుకున్నాడు. హోరేస్ ల్యాంబ్ అదే కాలేజీలో గణితం ప్రొఫెసర్, అంటే కారిడార్‌లో ఎదురుపడే మనిషి. ఆయన లోపాలన్నీ గట్టిగానే ఎత్తిచూపాడు, చాలాభాగం అస్పష్టంగా ఉందన్నాడు. అయినా ఈ విషయాన్ని దాదాపు సృష్టించినవాడి అభిప్రాయాలు కాబట్టి అచ్చు వేయాలని రాయ్ ఇచ్చాడు. రేనాల్డ్స్ జవాబులు రాసి, వివరణలు చేర్చాడు. 1895లో పేపర్ వచ్చింది.

పక్కపక్కన పెట్టి చూడండి. రెండు రాతలూ పరీక్షకులకు అర్థం కాలేదు. మాంచెస్టర్ ప్రొఫెసర్‌కు సాఖ్ ఉంది, ‘అర్థం కాకపోయినా వేద్దాం’ అన్నారు. బొంబాయి మాస్టర్‌కు అది లేదు, ‘అర్థం కాలేదు కాబట్టి చెత్త’ అన్నారు. రచయిత పేరు పరీక్షకుడికి తెలియకుండా దాచే పద్ధతి కొన్ని జర్నళ్లలో ఇప్పుడు ఉంది. ఇంజినీరింగ్‌లో మాత్రం రచయిత పేరు పరీక్షకుడికి కనబడే జర్నళ్లు ఇంకా చాలానే ఉన్నాయి.

వాటర్‌స్టన్‌కు లేనివి మన పిల్లలకు ఉన్నాయి. రాత నకలు వంద చోట్ల దాచుకోవచ్చు. జర్నల్ కాదంటే మరో జర్నల్‌కు పంపవచ్చు, ఒకేసారి రెంటికి మాత్రం పంపకూడదు, అది బేయిమానీ. అర్కైవ్‌లో పెడితే తారీఖు పడుతుంది, తర్వాత ఎవరూ ‘నేను ముందు’ అనలేరు. పరీక్షకుల రిపోర్టు వస్తే రచయితకు జవాబిచ్చే హక్కుంది. ప్రతి ఎత్తరాజ్‌కూ విడిగా, నెంబరు వేసి, ఎక్కడ ఏం మార్చారో చూపిస్తూ రాయాలి. ఒప్పుకోనిచోట అదబ్‌తో దలీల్ పెట్టాలి. కోపం వచ్చిన రోజు మాత్రం జవాబు పంపకండి.

సారాంశం గురించి కూడా ఒక మాట. ఉర్దూలో దాన్ని ‘ఖులాసా’ అంటాం. అదే మాట తెలుగులో ‘కులాసా’ అయి క్షేమ సమాచారంగా మారింది. వాటర్‌స్టన్ పేపర్ నుంచి ఆ రోజుల్లో అచ్చయింది ఖులాసా మాత్రమే, కొద్ది పేరాలు. అది చదివి అసలు రాత ఏదని ఆ అల్మారా తెరిపించినవారు 1891 దాకా లేరు. ఎడిటర్ మొదట చదివేది ఆ కొద్ది వాక్యాలనే. చాలాసార్లు చివరగా చదివేదీ అదే. అందులో ఏం కనుక్కున్నారో అంకెతో చెప్పకుండా ‘చర్చించాం, విశ్లేషించాం’ అని రాసే అలవాటు మన దగ్గర చాలా ఉంది.

రేనాల్డ్స్ మీద ల్యాంబ్, స్టోక్స్ రాసిన రిపోర్టులను రాయల్ సొసైటీ పారేయలేదు. అవి ఇవాళ్టికీ దాని ఖజానాలో ఉన్నాయి, అడిగితే చూపిస్తారు. లబక్ రాసిన ఆ ఒక్క వాక్యం కూడా.