సిరిమాను: యుద్ధము వలదన్న చెల్లెలి కథ

ఏటేట విజయదశమి కడచిన పిమ్మట వచ్చు మొదటి మంగళవారమున విజయనగరపు వీథులలో నొక చింతమాను ఊరేగును. అది సుమారు 60 అడుగుల పొడవు గలది. దాని మొదలు బండికి గట్టబడియుండగా కొన యాకసమున నూగుచుండును. ఆ కొనయందలి యాసనముపై పైడితల్లి యమ్మవారి పూజారి కూర్చుండి, జనసముద్రమును దీవించుచు, మూడు లాంతర్ల కడనున్న గుడినుండి కోటవఱకు మూడుమాఱులు పోయివచ్చును. జనులు అరటిపండ్లు విసరి మ్రొక్కుకొందురు. ఇదియే సిరిమాను ఉత్సవము.

ఇట్టి యుత్సవములను గూర్చి చదువుకొన్నవారు రెండు విధముల బలుకుదురు. కొందఱు "ఇది వట్టి మూఢత" యని మొగము త్రిప్పుకొందురు. కొందఱు "ఇది పెద్దల యాచారము, ప్రశ్నింపరాదు" అని యితరుల నోరు మూయింతురు. ఈ యుభయులును ఉత్సవము వెనుకనున్న కథను మాత్రము శ్రద్ధతో వినరు. ఆ కథ వినదగినది.

1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన బొబ్బిలి యుద్ధము జరిగెను. విజయనగర ప్రభువగు పూసపాటి పెద విజయరామరాజునకును బొబ్బిలి దొరయగు రంగారావునకును సరిహద్దుల తగవులును, వాగుల నీటి తగవులును బహుకాలమునుండి కలవు. ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ సీమకు రాగా విజయరామరాజు ఆతని ఫిరంగుల యండగొని బొబ్బిలికోటను ముట్టడించెను. కోట నిలువదని తెలిసినపుడు లోపలివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే చంపి, యిండ్లకు నిప్పుపెట్టి, పోరాడి మడిసిరి. ఒక బాలుడు మాత్రము బ్రతికి బయటపడెను. మూడవనాటి రాత్రి విజయరామరాజు తన డేరాలోనే బొబ్బిలివారి కత్తులకు బలియయ్యెను. ఈ పని చేసినది తాండ్ర పాపారాయుడని జనులు చెప్పుకొందురు. ఆంగ్లేయ చరిత్రకారుడు రాబర్టు ఓర్మ్ మాత్రము, ప్రతిన పూనిన సామాన్య సైనికులు చేసినట్లు వ్రాసెను. జయించినవాడు జయమును మూడు దినములైన ననుభవింపలేదన్నది ఇరువురి మాటలలోను సమానము.

ఓర్మ్ వ్రాసిన యుద్ధకథలో గానరాని యొక స్త్రీని విజయనగర ప్రజలు మఱువలేదు. ఆమె విజయరామరాజు చెల్లెలు పైడిమాంబ. ఆమె దుర్గాభక్తురాలనియు, అన్నను యుద్ధమునుండి మరలింప యత్నించెననియు చెప్పుదురు. అప్పుడు కోటలో మశూచికము వ్యాపించియుండెనట. అన్నకు ప్రాణాపాయ మున్నదని పూజలో తోపగా, నామె పతివాడ అప్పలనాయుడను వానిని తోడుగొని బొబ్బిలికి బయలుదేఱెను. దారిలోనే అన్న మరణవార్త విని మూర్ఛిల్లెను. తెలివి వచ్చిన పిదప, తాను దేవిలో లీనమగుదుననియు, తన ప్రతిమ పెద్దచెరువు పడమటి గట్టున దొరకుననియు చెప్పి కన్నుమూసెను. బెస్తవారు వలవేసి యా ప్రతిమను పైకి దీసిరి. వనంగుడి వెలసెను. ఇది గాథ.

ఈ గాథలో నేది జరిగినది, ఏది భక్తి కల్పించినది యని వేఱుచేయుట చరిత్రకారుని పని. కాని యుత్సవమును జూడుడు. సిరిమాను ముందు బెస్తవారి వల నడచును. నాడు చెరువులో దిగిన చేతులకు నేటికిని ఊరేగింపులో చోటు కలదు. ముందునాడు సోమవారమున తొలేళ్ల యుత్సవమున రైతులు అమ్మవారి సన్నిధి విత్తనములను గైకొని పోయి తమ విత్తులలో గలుపుకొందురు. పూజారి పతివాడవారి వంశమునకు జెందినవాడు. ప్రభువుల యింటి ఆడుబిడ్డ బెస్తల, రైతుల తల్లియైనది. కోటలోనివారు బురుజుపైనుండి చూతురు. ఆకసమున నూగువాడు సామాన్యుడు.

మఱియొక విశేషము. పూర్వము మన దేశమున ననేక గ్రామముల సిడి యను మ్రొక్కు గలదు. మనుష్యుని వీపున నినుపకొంకులు గ్రుచ్చి మానుకొనను వ్రేలాడదీసి త్రిప్పెడివారు. ఈ క్రూరాచారమును వంగదేశ ప్రభుత్వము 1865లో నిషేధించెను. కొన్నిచోట్ల మనుష్యునికి మాఱుగా గొఱ్ఱెను గట్టిరి. సిరిమానునకును సిడిమానునకును గల పోలిక చూచినవారికి దోపకపోదు. కాని యిక్కడ కొంకులు లేవు, నెత్తురు లేదు, ఆసనము గలదు. క్రూరత తొలగినను ఉత్సవము కాంతి తఱుగలేదు. ఆచారమును దిద్దినచో దైవము కోపించునని భయపెట్టువారికి ఈ మానే సమాధానము. మశూచికమును 1980లో లోకమునుండియే తొలగినదని ప్రకటించిరి. ఆ భయము పోయినను తల్లికి మ్రొక్కువారు తగ్గలేదు. కావున భక్తికి భయము మూలము కానక్కఱలేదు.

బొబ్బిలి కథను మనము పౌరుషగాథగా పాడుకొనుచున్నాము. పౌరుషమును కాదనను. కాని యా పౌరుషమునకు వెల చెల్లించినది కోటలోని స్త్రీలును, పసిబిడ్డలును, వారినెవ్వరును "మీకు సమ్మతమా?" యని యడుగలేదు. ఆ యుద్ధము రెండు పక్షములకును బూడిదనే మిగిల్చెను. అందులో గుడి వెలసినది గెలిచిన రాజునకు గాదు, చంపిన వీరునకు గాదు. వలదు వలదని బ్రతిమాలి యెవ్వరిచేతను వినబడని యొక చెల్లెలికి. చరిత్రగ్రంథము మఱచిన న్యాయమును ప్రజల జ్ఞాపకము నిలిపినది.

చదువరులారా! ఈసారి సిరిమాను మీ కన్నుల యెదుట కదలినపుడు అరటిపండు విసరుడు, విసరకుండుడు. అది మీ యిష్టము. కాని యింటికి బోయి మీ బిడ్డలకు పాపారాయని కత్తిని గూర్చి చెప్పునప్పుడు, పైడిమాంబ మాటను గూర్చియు జెప్పుడు. మన యిండ్లలో తగవు రేగినపుడు వలదని చెప్పు ఆడుబిడ్డ మాట, ఆమె బ్రతికియుండగనే విందము.