బొమ్మల పెండ్లి బట్టలు: కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇండ్లలో కుట్టుపని

2016 అక్టోబరు 11న కొత్త జిల్లా ఏర్పడేదాకా నిజామాబాదు జిల్లాలో ఉన్న కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల్లో బొమ్మలకు బట్టలు కుట్టడం వృత్తి కాదు. తెలంగాణ ఆడపిల్లల ఆటయిన బొమ్మల పెండ్లిని అంటిపెట్టుకొని, పెద్దల చేతికింద సాగిన ఇంటిపని. పాత చీరముక్కలో దూదినో పేలికలనో, అంటే బట్ట కత్తిరించగా మిగిలిన సన్నని ముక్కలనో, కూరి మెడ దగ్గర దారం బిగిస్తే తల ఏర్పడుతుంది. కండ్లు నల్లదారంతో కుడతారు. పెండ్లికూతురి చీరకు అంచున్న పీలిక చాలు గాని, అసలు పరీక్ష రైకది, ఎందుకంటే బెత్తెడైనా లేని ఒంటికి చేతులు అతికి అంచు మడిచి కుట్టడం పెద్దల రైక కుట్టడంకంటే కష్టం. అందుకే పిల్లలు ముందు టాకాలు, అంటే బట్ట కదలకుండా నిలిపే దూరపు కుట్లు, వేస్తే తల్లి వాటి పక్కనే దగ్గర కుట్టు వేసి టాకాలు లాగేసేది.

పేలికలకు పెద్ద ఆధారం కుట్టుపని కులవృత్తిగా గల మేరవారి దుకాణమే. హైదరాబాదు–గోదావరి లోయ రైలుమార్గం కామారెడ్డి మీదుగా పడడంతో మిల్లుబట్ట రాకకు దారి సులువైంది. రైలు లేని ఎల్లారెడ్డికి సరుకు రోడ్డు మీదనే చేరాలి. 1851లో అమెరికాలో ఐజాక్ సింగర్ పేటెంటు పొందిన కుట్టుమిషను, 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ల తయారీ మొదలయ్యాక దేశీయ సరుకుగానూ దొరికింది. అయినా బొమ్మరైకకు చేతిసూదే మేలు, మిషను పాదం కింద అంత చిన్న చంక తిరగదు. ప్లాస్టిక్ బొమ్మ వచ్చాక కత్తిరింపే మారింది: మోచేయి వంగని బొమ్మకు గౌను వీపు పొడవునా తెరిచి టిచ్ బటన్లు కుట్టవలసి వచ్చింది.