మునిగిన ఊరికి ఒక పెన్సిల్ గీత

గోదావరి మా నందిపేట్ పక్కనుంచి పోయి రాజమండ్రి చేరేసరికి దానికో చిత్రకారుడు దొరికాడు, దామెర్ల రామారావు. ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్లో చదివాడు. 1925లో మశూచితో పోయేనాటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. అక్కడి గ్యాలరీలో రంగుల బొమ్మలతో పాటు ఆయన స్కెచ్ పుస్తకాలూ ఉన్నాయి.

నాకు పెన్సిల్ గీతలంటేనే ఇష్టం. రంగు వేసేనాటికి చిత్రకారుడు ఏం చూపాలో తేల్చుకుని ఉంటాడు. పెన్సిల్ పట్టుకున్నప్పుడు ఇంకా చూస్తూనే ఉంటాడు. గట్టు ఎక్కడ మలుపు తిరిగిందో చెయ్యి వెతుక్కున్న జాడ కాగితం మీద మిగిలిపోతుంది.

మా వైపు గోదావరి కథ వేరు. 1963 జూలై 26న నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. అదే తర్వాత శ్రీరాంసాగర్ అయింది. లక్షల ఎకరాలకు నీళ్ళొచ్చాయి, నందిపేట్ వైపు ఒడ్డు ఊళ్ళు మునిగాయి. సర్కారు పటాల్లో హద్దులుంటాయి, ముంపు భూమి లెక్కలుంటాయి. రేవుకు పోయే బాట ఎంత వంపు తిరిగేదో ఉండదు.

అది మా అమ్మమ్మకు తెలుసు. ఆమె చెప్తుంటే ఆ ఊరు గీశాను. "గట్ల కాదు బిడ్డా, చింతచెట్టు ఇంకింత ఇవతలికి" అనేది. చెరిపి మళ్ళీ గీసేవాణ్ణి. చెరిపిన చోటల్లా మసక చెట్టొకటి మిగిలేది. బొమ్మ పూర్తయ్యాక ఆమె ఆ మసక చెట్లను కూడా వేలితో తడిమింది.

ఆ ఊళ్ళల్లో బతికినవాళ్ళు ముసలివాళ్ళైపోతున్నారు. వాళ్ళ పక్కన కూర్చోడానికి పెన్సిలూ రబ్బరూ చాలు.