తోడు పోయినామె యాడ పడుకుంది?

ఈ ఏటి లెక్కలు ముందు పేజీల్లో చూసే ఉంటారు. పొదుపెంత, అప్పెంత, తిరిగి కట్టిందెంత అని. అప్పుల పట్టికలో 'ఆరోగ్యం' అని ఒక గడి ఉంది చూడండి. ఆ గడిలో డబ్బంతా డాక్టరుకీ మందులకీ పోయిందనుకుంటాం. అప్పు తీసుకున్న అక్కచెల్లెళ్లను కూర్చోబెట్టి అడిగితే వేరే మాట చెప్పారు. ఆటోకి ఇంత, తోడు పోయినామె టిఫినుకి ఇంత, రాత్రిళ్లు గదికి ఇంత, ఆ నాళ్లలో పోగొట్టుకున్న కూలి ఇంత. అందుకని ఈసారి చరిత్ర పేజీల్లో ఆసుపత్రుల కథని డాక్టర్ల వైపు నుంచి కాకుండా, చూలాలికో చంటిబిడ్డకో తోడు పోయి వరండాలో కూర్చున్న మనిషి వైపు నుంచి చెప్పుకుందాం.

మన అవ్వల కాలంలో తొలి కాన్పు పుట్టింట్లోనే. మంత్రసాని వచ్చేది, అమ్మ పక్కనుండేది, పెద్దమ్మ నీళ్లు కాచేది, ఇరుగుపొరుగు మిగతా పిల్లోళ్లకి అన్నం పెట్టేవాళ్లు. ఆ కాలం బంగారమని నేననను. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ పడకపోయినా, నెత్తురు ఆగకపోయినా, గుర్రపువాతం వచ్చినా మంత్రసాని చేయగలిగింది శానా తక్కువ. తల్లో బిడ్డో, ఒక్కోసారి ఇద్దరూ పోయేవాళ్లు. కానీ తోడు అనేది విడిగా ఏర్పాటు చేసుకోవాల్సిన అవసరం ఉండేది కాదు. ఇల్లే తోడు. కాన్పు ఇల్లు దాటి ఆసుపత్రికి పోయిన రోజునే ఈ చిక్కు మొదలైంది.

ఆసుపత్రికి పోవడమన్నా మాటలా! మన తీరంలో ఊరికీ రోడ్డుకీ మధ్య ఇసక దిబ్బలు, ఉప్పు కయ్యలు, ఏళ్లు, కాలవలు. 1876–78 కరువులో కూలికిచ్చి తవ్వించిన ముక్కతో కలిసి బకింగ్‌హాం కాలువ మన పల్లెల వెనకాలే మద్రాసు దాకా సాగింది. ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద పోయేవి. మద్రాసు ఎగ్మూరులో కాన్పుల ఆసుపత్రి 1844 నుంచే ఉంది. మనం మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లమే. అయినా నొప్పులొచ్చిన మనిషిని పడవలో మద్రాసు చేర్చాలంటే ఆ ఆసుపత్రి ఉన్నా లేనట్టే. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకి రైలు కలిశాక దూరం కొంత తగ్గింది, అదీ నెల్లూరు స్టేషను దాకా చేరగలిగినవాళ్లకి.

ఇంకో అడ్డం, డాక్టరు మగాడు కావడం. ఇప్పటికీ మనవాళ్లు రాయవెల్లూరు అని పిలుచుకునే ఊళ్లో పెద్దాసుపత్రి పుట్టిన కథ ఇదే. 1890ల్లో తిండివనంలో ఒక రాత్రి మూడిళ్ల మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, మా ఇంట్లో కాన్పు కష్టమైంది, రమ్మని ఐడా స్కడర్ అనే అమ్మాయిని అడిగారు. ఆమె డాక్టరు కాదు, వాళ్ల నాన్న డాక్టరు. మగ డాక్టరు మాకొద్దని వాళ్లు వెళ్లిపోయారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆమె అమెరికా పోయి 1899లో డాక్టరు చదువు ముగించి, 1900లో రాయవెల్లూరులో ఒక్క మంచంతో మొదలుపెట్టింది. 1902లో 40 మంచాల ఆసుపత్రి అయింది, 1918లో ఆడవాళ్లకి వైద్య బడి వచ్చింది. మన నెల్లూరులో కూడా ఆ శతాబ్దం ముగిసే నాటికి అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆడ డాక్టర్లు స్త్రీలకూ పిల్లలకూ వైద్యం మొదలుపెట్టారు.

నేను ఎక్కువసేపు ఆగింది మాత్రం గుంటూరు దగ్గర. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ 1883లో అక్కడికి వచ్చింది. ఫిలడెల్ఫియాలో వైద్యం చదివినా, ఆమెను పంపినవాళ్లు మొదట డాక్టరుగా పంపలేదు, ఆడపిల్లలకి చదువు చెప్పమని పంపారు. జబ్బుపడ్డవాళ్లు గడప తొక్కితే ఆమె ఊరుకోలేకపోయింది. 1898లో ఆడవాళ్లకీ పిల్లలకీ ఆసుపత్రి తెరిచింది. కుగ్లర్ ఆసుపత్రి అంటే గుంటూరులో ఇప్పటికీ తెలుసు.

ఆ ఆసుపత్రిలో ఏలూరు జమీందారు రాజా భుజంగరావు గారి భార్యకి వైద్యం జరిగింది. తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారన్న సంతోషంతో ఆయన కూతురికి డాక్టరమ్మ పేరు కలిసేలా అన్నమ్మ అని పెట్టుకున్నాడు. అంతటితో ఆగలేదు. ఆసుపత్రికి ఎదురుగా, రోగుల కోసం వచ్చే హిందూ కుటుంబాలు దిగడానికి ఒక సత్రం కట్టించాడు. జమీందారుకి తన సొంత మనుషుల్ని దింపుకోవడానికి చోటు దొరక్క కాదు గదా. ఎవరి వంట వారే చేసుకునే ఆ రోజుల్లో, రోజులకి రోజులు ఆసుపత్రి ముందు పడిగాపులు కాసేవాళ్ల కష్టం ఆయన కళ్లారా చూసి ఉంటాడని నాకనిపిస్తుంది. వైద్యం కోసం డబ్బిచ్చినవాళ్లు చరిత్రలో బోలెడుమంది. తోడొచ్చినవాళ్లకి నీడ కట్టించినవాళ్లు వేళ్ల మీద లెక్క.

చిత్రమేమంటే, కుగ్లరమ్మ చదువుకున్న ఆ ఫిలడెల్ఫియాలోనే 1974లో, పెద్ద జబ్బులతో వచ్చిన పిల్లల అమ్మానాన్నలు ఉండటానికి ఆసుపత్రి దగ్గర ఒక ఇల్లు తెరిచారు. రోనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ అంటారు. ఇప్పుడు అలాంటివి ఎన్నో దేశాల్లో ఉన్నాయి, కొత్త ఆలోచన అని మెచ్చుకుంటారు. మన గుంటూరు సత్రం దానికన్నా ఎన్నో దశాబ్దాలు పెద్దది.

ఇంగ్లాండులో ఇంకో వింత. అక్కడ ఆసుపత్రిలో చేరిన చంటిపిల్లల దగ్గరికి తల్లిని వారానికి ఒకట్రెండుసార్లు మాత్రమే రానిచ్చేవాళ్లు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, ఆసుపత్రిలో చేరిన ఒక రెండేళ్ల పాప ఎట్టా నలిగిపోయిందో సినిమా తీసి డాక్టర్లకి చూపించాడు. 1959లో ప్రభుత్వ కమిటీ, తల్లిదండ్రులు ఎప్పుడైనా రావచ్చు, చిన్నపిల్లల దగ్గర తల్లి ఉండొచ్చు అని సిఫారసు చేసింది. మన దగ్గర తల్లిని పొమ్మన్న ఆసుపత్రులు తక్కువ. ఎందుకంటే ఆమె పోతే పని జరగదు. స్ట్రెచర్ తోసేది, రక్తం సీసా కోసం పరిగెత్తేది, బట్టలుతికేది, పాలు కాచి తెచ్చేది తోడు పోయినామే. ఆమె పని కావాలి, ఆమెకి మంచం మాత్రం లేదు.

నెల్లూరులో మనకి ఆసరా అయిన చోట్లు కొన్ని ఉన్నాయి. కాన్పులకి జూబ్లీ ఆసుపత్రి, మన విడవలూరు వైపు అలగానిపాడులో పుట్టిన సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారి ప్రజావైద్యశాల, 2014 నుంచి మెడికల్ కాలేజీ ఆసుపత్రిగా మారిన పెద్దాసుపత్రి. వీటి గురించి వేరేగా రాయాల్సింది చాలా ఉంది.

ఆసుపత్రి ఉన్నా, పోదామనే మాట ఇంట్లో ఎవరి నోట రావాలి? కాన్పు చావులకి మూడు ఆలస్యాలు కారణమని 1994లో అమెరికా పరిశోధకులిద్దరు రాశారు. పోదామని తేల్చుకోవడంలో ఆలస్యం, దారిలో ఆలస్యం, పోయాక వైద్యం అందడంలో ఆలస్యం. ఆ మొదటిదాని మీద దెబ్బ కొట్టింది మన జిల్లా ఆడవాళ్లే. అక్షరదీపం క్లాసుల్లో కూర్చున్న దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అదే ఏడు రోజుకో రూపాయి లెక్కన పొదుపులక్ష్మి గ్రూపులు మొదలయ్యాయి. దుకాణానికి పోయే రూపాయి పెట్టెలోకి వచ్చింది. మొగుడు వేట నుంచి వచ్చేదాకా ఆగకుండా, ఆడమనిషే ఆటో పిలవగలిగింది.

ఆ తర్వాత దారి వైపు సాయమొచ్చింది. 2005 ఆగస్టు 15న 108 బండి మన రాష్ట్రంలోనే మొదలైంది. ఆశా కార్యకర్తలు వచ్చారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. అదే కాలంలో ఇందిరా క్రాంతి పథం కింద గ్రామ సంఘాలే గర్భిణులకీ బాలింతలకీ పోషకాహార కేంద్రాలు నడిపాయి. తినేవాళ్లూ తమ వంతు డబ్బు కట్టేవాళ్లు, వండేదీ సభ్యురాలే. 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకి వచ్చిన తల్లికి ఉచితంగా భోజనం. తోడు వచ్చినామె మాత్రం అప్పుడూ టిఫిను బండి దగ్గరే.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. మా చెల్లెలి కూతురికి ఏడో నెలలో కాన్పయి, బిడ్డని ఒక పట్నం ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల వార్డులో పెట్టారు. 26 రోజులు. తల్లి పాలు పిండి లోపలికి పంపేది, బిడ్డ ముఖం రోజుకి పది నిమిషాలు. రాత్రి తొమ్మిదయితే వాచ్‌మన్ వరండాలో వాళ్లని లేపి పంపేవాడు. పచ్చి బాలింత, మా చెల్లెలు బస్టాండులో పడుకున్నారు. పెద్దపిల్ల ఇక్కడ పాలెంలో. ఆ పిల్లకి నెలరోజులూ అన్నం పెట్టింది మా గ్రూపులో నలుగురు, వంతులేసుకుని. అది ఏ రిజిస్టరులోనూ లేదు. మా గ్రూపులోని యానాది అక్క ఒకామె అప్పుడే ఒక మాటంది: "మీకు పడుకోను చోటు లేదు. మాకు కౌంటరు కాడ మాట్లాడేదానికి గూడా మనిషి కావాల."

బరువు తక్కువ పిల్లల విషయంలో తల్లి పక్కనుండటం ఉత్త ఓదార్పు కాదని ఇప్పుడు తేలింది. 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో, పెట్టెలు చాలక, డాక్టర్లు బిడ్డల్ని తల్లి రొమ్ము మీద ఒంటికి ఒళ్లు ఆనేలా కట్టించారు. కంగారూ పద్ధతి అన్నారు. 2021లో అయిదు దేశాల ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన ఫలితం వచ్చింది. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో ఉంది. పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెట్టిన చోట పిల్లల చావులు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అందుకోసం వార్డులో బిడ్డ పక్కనే తల్లికీ మంచం వేశారు. తల్లి లోపల ఉంటే ఆమెకి అన్నం ఎవరు తెస్తారు, ఆమె అలిసిపోతే బిడ్డని ఎవరు కట్టుకుంటారు అని కూడా అడగాల్సి వచ్చింది. అమ్మమ్మో, అక్కో కావాలి.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను చూసినవాళ్లు మనలో ఉన్నారు. ఇప్పుడు హెచ్చరిక వస్తే నెలలు నిండినవాళ్లని ముందే ఆసుపత్రికి చేరుస్తున్నారు, మంచిదే. కానీ పిల్లోళ్లని ఇంట్లో వదిలి గాలివానలో ఒంటరిగా బండెక్కడానికి చూలాలు వెనకాడుతుంది. అడిగి చూడండి, ఎవరైనా ఇదే చెప్తారు.

ఈ ఏటి మహాజన సభకి మా గ్రామ సంఘం నుంచి ఒక తీర్మానం పంపాం. ఆరోగ్య అప్పు ఫారంలో 'తోడు ఖర్చు' అని విడిగా గడి పెట్టమని, నెలలు నిండినవాళ్ల పేరు పక్కన ఇద్దరి పేర్లు ముందే రాసుకోమని. ఒకరు ఆసుపత్రికి పోయేదానికి, ఒకరు ఇంట్లో పిల్లోళ్లకి. మా సంఘంలో వచ్చే మూడు నెలల్లో కాన్పులు నాలుగున్నాయి. మూడింటికి పేర్లు రాశాం. నాలుగో ఆమె పుట్టిల్లు తమిళనాడులో, ఇక్కడ ఎవరూ లేరు. ఆమె వరస మీద సోమవారం మీటింగులో కూర్చుంటున్నాం.