రోమియో అండ్ జూలియట్ (మాక్‌మిలన్ బ్యాలే)

రోమియో అండ్ జూలియట్ బ్రిటిష్ నృత్యదర్శకుడు కెన్నెత్ మాక్‌మిలన్ కూర్చిన మూడు అంకముల బ్యాలే. షేక్‌స్పియర్ నాటకం దీనికి ఆధారం. సంగీతం సోవియట్ స్వరకర్త సెర్గీ ప్రొకోఫియెవ్‌ది. లండన్‌లోని కోవెంట్ గార్డెన్‌లో ఉన్న రాయల్ ఒపెరా హౌస్‌లో 1965 ఫిబ్రవరి 9న రాయల్ బ్యాలే సంస్థ దీనిని మొదటిసారి ప్రదర్శించింది. జూలియట్‌గా మార్గో ఫాంటెయిన్, రోమియోగా రుడాల్ఫ్ నురేయెవ్ నర్తించారు. ప్రదర్శన ముగిసిన తరువాత దాదాపు నలభై నిమిషాల సేపు చప్పట్లు ఆగలేదు. నర్తకులు 43 మార్లు తెర ముందుకు వచ్చి వందనం చేయవలసి వచ్చింది. ఇంతటి ఆదరణ పొందిన ఈ రెండు పాత్రలు నిజానికి ఆ జంట కొరకు కూర్చినవి కావు. మాక్‌మిలన్ వీటిని లిన్ సీమోర్, క్రిస్టఫర్ గేబుల్ అనే యువ నర్తకుల కొరకు రూపొందించాడు. బ్యాలే చరిత్రలో పాత్రధారుల ఎంపికను గురించిన చర్చ వచ్చినప్పుడల్లా ఈ ఉదంతం ప్రస్తావనకు వస్తుంది.

నేపథ్యం

ప్రొకోఫియెవ్ ఈ సంగీతాన్ని 1935లో రచించాడు. అది నృత్యానికి అనువైనది కాదన్న అభ్యంతరాల వలన రంగస్థలానికి రావడం ఆలస్యమైంది. తొలి ప్రదర్శన 1938లో చెకోస్లొవేకియాలోని బ్రనో నగరంలో జరిగింది. 1940లో లెనిన్‌గ్రాడ్‌లో లియొనిద్ లవ్రోవ్‌స్కీ కూర్చిన రూపంలో గలీనా ఉలనోవా జూలియట్‌గా నర్తించింది. 1956లో మాస్కోకు చెందిన బొల్షోయ్ సంస్థ లండన్ వచ్చి ఇదే బ్యాలేను కోవెంట్ గార్డెన్‌లో ప్రదర్శించింది. అప్పటికి 46 ఏళ్ళ వయసున్న ఉలనోవా పదునాలుగేళ్ళ బాలికగా నమ్మించిన తీరు లండన్ ప్రేక్షకులకు చాలాకాలం గుర్తుండిపోయింది. తరువాత ఎవరు జూలియట్ వేషం కట్టినా ఆమెతో పోల్చడం మామూలైంది.

లవ్రోవ్‌స్కీ బ్యాలేను తమ సంస్థకు తెచ్చుకోవాలని రాయల్ బ్యాలే ప్రయత్నించింది. ఆ ఏర్పాటు కుదరలేదు. అప్పుడు సంస్థ సంచాలకుడైన ఫ్రెడరిక్ ఆష్టన్ ఈ పనిని మాక్‌మిలన్‌కు అప్పగించాడు. అంతకుముందు 1964లో కెనడా టెలివిజన్ కొరకు సీమోర్, గేబుల్‌లతో మాక్‌మిలన్ మేడమీది వరండా దృశ్యాన్ని యుగళ నృత్యంగా కూర్చి ఉన్నాడు. పూర్తి బ్యాలే అంతా ఆ నృత్యం నుండే పెరిగిందని చెప్పవచ్చు. మూడు అంకముల బ్యాలే కూర్చడం ఆయనకు ఇదే మొదటిసారి. అయినా పని అయిదు నెలల లోపే పూర్తయింది. రంగాలంకరణ, దుస్తులు నికొలస్ జార్జియాడిస్ రూపొందించాడు.

జూలియట్ పాత్ర స్వభావం

పాత్రధారుల వివాదం అర్థం కావాలంటే మాక్‌మిలన్ ఊహించిన జూలియట్ ఎవరో తెలియాలి. ఆమె సుకుమారి, అబల అయిన నాయిక కాదు. పట్టుదల కలిగిన పిల్ల. కథను ముందుకు నడిపేది ఆమె నిర్ణయాలే. మూడవ అంకంలో తల్లిదండ్రులు పారిస్‌తో పెళ్ళి నిశ్చయించిన తరువాత, జూలియట్ మంచం అంచున కదలకుండా కూర్చుని ఎదురుగా చూస్తూ ఉంటుంది. వాద్యబృందం ఉధృతంగా వాయిస్తున్నంత సేపూ ఆమె ఒక్క అడుగు కూడా వేయదు. బ్యాలేలో నాయికకు ముఖ్యమైన ఘట్టంలో నృత్యమే లేకుండా చేయడం సాహసమే. సమాధి దృశ్యంలో రోమియో ఆమె మృతదేహంతో నర్తిస్తాడు. వ్రేలాడే చేతులు, జారిపోయే తల - అందంగా కనిపించడానికి అక్కడ అవకాశం లేదు. షేక్‌స్పియర్ నాటకంలో వలె చివర రెండు కుటుంబాలూ రాజీపడడం ఇందులో చూపలేదు.

సీమోర్ ఇటువంటి నటనకు పేరు పొందిన నర్తకి. శరీరం వికారంగా కనిపించినా భావం నిజమైతే చాలునన్నది ఆమె పద్ధతి. ఈ పాత్ర కొరకు ఆమె చెల్లించిన మూల్యం చిన్నది కాదు. అప్పుడు గర్భవతిగా ఉన్న తాను, ఈ పాత్రను వదులుకోలేక గర్భస్రావం చేయించుకొన్నట్లు తరువాత వెల్లడించింది.

తొలి ప్రదర్శనకు పాత్రధారుల మార్పు

రాయల్ బ్యాలే 1965లోనే అమెరికాలో పర్యటించవలసి ఉంది. ఆ పర్యటన నిర్వాహకుడు సోల్ హ్యూరాక్ అమెరికాలో టిక్కెట్లు అమ్ముడుపోవడానికి ఫాంటెయిన్, నురేయెవ్‌ల పేర్లు కావాలని కోరాడు. ఒపెరా హౌస్ యాజమాన్యం కూడా అదే అభిప్రాయానికి వచ్చింది. లండన్ తొలి ప్రదర్శన ఆ జంటకే ఇవ్వబడింది. సీమోర్, గేబుల్‌లు వెనుకకు జరిగారు. తమ కొరకు, తమ శరీరాల మీదనే రూపొందిన అడుగులను ఇతర జంటలకు నేర్పవలసిన పని కూడా వారి మీద పడింది.

వ్యాపార దృష్టితో చూస్తే ఈ నిర్ణయం అర్థం కానిదేమీ కాదు. నురేయెవ్ 1961లో పారిస్‌లో సోవియట్ బృందాన్ని వీడి పశ్చిమ దేశాలలో ఆశ్రయం పొందాడు. 1962లో గిసెల్ బ్యాలేలో ఫాంటెయిన్‌తో కలిసి నర్తించిన నాటి నుండి ఆ జంటకు సినిమా తారలకు ఉండేంత ఆకర్షణ ఏర్పడింది. 1965 నాటికి ఆమెకు 45 ఏళ్ళు, అతనికి 26 ఏళ్ళు. 1964 జూన్‌లో ఆమె భర్త రోబెర్టో ఆరియాస్ పనామాలో జరిగిన కాల్పులలో గాయపడి పక్షవాతానికి గురయ్యాడు. ఆ భారాన్ని మోస్తూనే ఆమె నర్తించింది. ఎంపికలో జరిగిన అన్యాయానికి ఆమెను బాధ్యురాలిని చేయడం సరి కాదు.

ఇతర ముఖ్య పాత్రలలో డేవిడ్ బ్లెయిర్ (మెర్క్యూషియో), డెస్మండ్ డాయిల్ (టిబాల్ట్), ఆంథొనీ డోవెల్ (బెన్వోలియో), డెరెక్ రెంచర్ (పారిస్), మైకేల్ సోమ్స్ (కాప్యులెట్ ప్రభువు), జూలియా ఫారన్ (ఆయన భార్య), గెర్డ్ లార్సెన్ (దాది) నర్తించారు. వాద్యబృందానికి జాన్ లాంచ్‌బెరీ నాయకత్వం వహించాడు.

ప్రేక్షకుల, విమర్శకుల స్పందన

తొలి రాత్రి చప్పట్లలో ఎంత భాగం బ్యాలేకు, ఎంత భాగం ఆ జంటకు చెందుతుందో వేరు చేయడం కష్టం. ఫాంటెయిన్ తన సహజ శైలికి అనుగుణంగా జూలియట్‌ను మృదువైన, కవితాత్మకమైన ప్రేయసిగా మలచుకొంది. నురేయెవ్ కూడా అడుగులను తనకు అనువుగా కొంత మార్చుకొన్నాడు. ప్రేక్షకులు చూసినది మహత్తరమైన ప్రేమకథ. మాక్‌మిలన్ ఉద్దేశించిన తిరుగుబాటు అందులో కొంత వెనుకబడింది.

విమర్శకులు ప్రేక్షకులంత ఏకాభిప్రాయంతో లేరు. లవ్రోవ్‌స్కీ కూర్పుతోను, 1962లో స్టుట్‌గార్ట్‌లో జాన్ క్రాంకో కూర్చిన రూపంతోను పోలికలు వచ్చాయి. సీమోర్, గేబుల్‌లు తమ వంతు వచ్చినప్పుడు నర్తించగా, బ్యాలే అసలు స్వరూపం అప్పుడే తెలిసిందని భావించినవారు ఉన్నారు. తరువాతి ప్రదర్శనలలో ఆంటొనెట్ సిబ్లీ, మెర్ల్ పార్క్ కూడా జూలియట్‌గా నర్తించారు.

తరువాతి పరిణామాలు

పాల్ సిన్నర్ దర్శకత్వంలో 1966లో ఈ బ్యాలే చలనచిత్రంగా వచ్చింది. అందులోనూ ఫాంటెయిన్, నురేయెవ్‌లే ఉన్నారు. ఆ కారణం చేత దేశదేశాలలో చాలామంది ఈ పాత్రలను వారి రూపంలోనే ఎరుగుదురు. మాక్‌మిలన్ 1966లో పశ్చిమ బెర్లిన్‌లోని డాయిష్ ఒపెర్ బ్యాలేకు సంచాలకుడిగా వెళ్ళాడు. సీమోర్ కూడా ఆయనతో వెళ్ళింది. గేబుల్ 1967లో నృత్యం విడిచి నటుడయ్యాడు. 1987లో నార్తర్న్ బ్యాలే థియేటర్‌కు కళా సంచాలకుడై 1998లో మరణించే వరకు ఆ పదవిలో కొనసాగాడు.

మాక్‌మిలన్ 1970లో రాయల్ బ్యాలే సంచాలకుడిగా తిరిగి వచ్చాడు. 1978లో మేయర్లింగ్ బ్యాలేలో మేరీ వెట్సెరా పాత్రను సీమోర్ కొరకు కూర్చాడు. ఈసారి తొలి రాత్రి ఆ పాత్రలో నర్తించినది ఆమెయే. 1992 అక్టోబరు 29న అదే బ్యాలే పునఃప్రదర్శన జరుగుతుండగా మాక్‌మిలన్ ఒపెరా హౌస్ తెర వెనుక మరణించాడు. సీమోర్ 2023 మార్చిలో మరణించింది.

రోమియో అండ్ జూలియట్ రాయల్ బ్యాలేలో 400 సార్లకు పైగా ప్రదర్శింపబడింది. అమెరికన్ బ్యాలే థియేటర్ 1985లోను, బర్మింగ్‌హామ్ రాయల్ బ్యాలే 1992లోను దీనిని స్వీకరించాయి. మంచం మీద కదలకుండా కూర్చునే ఘట్టం ఇప్పటికీ కొత్త జూలియట్‌లకు కఠిన పరీక్షగానే ఉంది.