విమానావతరణంలో మాట విలువ

సికింద్రాబాదులో బోయిగూడ మొదలైన పేటలవారికి తలమీదుగా సాగిపోయే విమానం చాలాకాలం నిత్యదృశ్యంగా ఉండేది. 2008 మార్చి 23న శంషాబాదులో కొత్త విమానాశ్రయం పని ప్రారంభించేవరకు ప్రయాణికుల విమానాలు సమీపంలోని బేగంపేటలో దిగేవి. ఇండియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తన వైమానికుల కేంద్ర శిక్షణాలయాన్ని కూడా హైదరాబాదులోనే నెలకొల్పినది. నేలమీద నిలబడి చూచేవారికి విమానం దిగడం కేవలం యంత్రం చేసే పనిగా కనబడుతుంది. కాని కాక్‌పిట్‌లో ప్రక్కప్రక్కన కూర్చున్న ఇద్దరు మనుష్యుల మధ్య నడిచే మాట కూడా యంత్రమంత ముఖ్యమైనదే. ఈ సత్యాన్ని గ్రహించడానికి ప్రపంచం చెల్లించిన మూల్యం చాలా పెద్దది.

ముందుగా దిగడంలోని లెక్కను చూతము. విమానం సాధారణంగా నేలతో సుమారు 3 డిగ్రీల కోణం చేస్తూ దిగుతుంది. వేయి అడుగుల ఎత్తు తగ్గడానికి సుమారు 3 నాటికల్ మైళ్లు ప్రయాణించవలె. నాటికల్ మైలు అనగా 1.852 కిలోమీటర్లు. ఈ లెక్కన 37,000 అడుగుల ఎత్తున ఉన్న విమానం గమ్యానికి 111 నాటికల్ మైళ్ల ముందే దిగడం మొదలుపెట్టవలె. ఆలస్యంగా మొదలుపెడితే నిటారుగా దిగవలసివస్తుంది. నిటారుగా దిగితే వేగం పెరుగుతుంది. ఎత్తులో దాగిన స్థితిశక్తి ఎక్కడికీ పోదు, గతిశక్తిగా మారుతుంది. ఆ శక్తిని సకాలంలో ఖర్చు చేయలేకపోతే, దిగే ప్రయత్నం మాని, ఇంజన్ల బలం పెంచి పైకి లేచి, మరల చుట్టి రావడమే మార్గం. దీనినే వైమానికులు ‘గో అరౌండ్’ అంటారు. ఇది ఓటమి కాదు. కాస్త ఇంధనం, పది పదిహేను నిమిషాల కాలం దీనికయ్యే ఖర్చు.

అయితే ఈ నిర్ణయం ఎవరు చేయవలె? తొలి రోజులలో విమానానికి కూడా ఓడ సంప్రదాయమే వచ్చినది. కెప్టెన్ మాటే శాసనం. ప్రక్కనున్నవాడు చేయి అందించేవాడే గాని, అడ్డు చెప్పేవాడు కాదు. ఈ సంప్రదాయంలోని అపాయం 1977 మార్చి 27న టెనెరిఫ్ ద్వీపంలో వెల్లడి అయినది. పొగమంచులో ఒక విమానం అనుమతి లేకుండానే పరుగు ప్రారంభించినది. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదనే ఉన్నదేమో అని ఫ్లయిట్ ఇంజనీరు అనుమానం వెలిబుచ్చినాడు. లేదని కెప్టెన్ గట్టిగా చెప్పగానే ఆ అనుమానం అక్కడితో ఆగిపోయినది. రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయినారు. మరుసటి సంవత్సరం డిసెంబరు 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఒక విమానం, చక్రాల విషయం తేల్చుకుంటూ గాలిలోనే తిరిగి తిరిగి, ఇంధనం అయిపోయి కూలినది. 10 మంది మరణించినారు. ఇంధనం తరిగిపోతున్న సంగతి సిబ్బందికి తెలుసు. దానిని కెప్టెన్ మనస్సుకు తగిలేటట్లు ఎవరూ చెప్పలేదు.

ఇట్టి ప్రమాదాల తరువాత 1979లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక సదస్సు జరిపినది. యంత్రలోపం లేకుండా కూలిన విమానాలను పరిశీలించగా, సిబ్బంది మధ్య మాట పొసగకపోవడం తరచుగా కనబడినది. అక్కడినుండి వైమానికులకు కొత్త శిక్షణ మొదలైనది. చిన్నవాడు సందేహాన్ని దాచుకోకుండా చెప్పడం, పెద్దవాడు దానిని కోపగించకుండా వినడం ఇందులోని ప్రధాన పాఠాలు.

పాఠం తెలియడం వేరు, అది అలవాటు కావడం వేరు. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుండి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఎయిర్‌బస్ ఎ-320 విమానం బెంగుళూరులో రన్‌వే చేరకముందే గోల్ఫ్ మైదానంలో కూలినది. 146 మందిలో 92 మంది చనిపోయినారు. ఇంజన్లు కనిష్ఠబలంతో నడిచే పద్ధతిలో విమానం దిగుతున్నది, వేగం క్షీణిస్తున్నది. ఆ పద్ధతి నుండి బయటపడడానికి ఇద్దరి ముందున్న ఫ్లయిట్ డైరెక్టర్ మీటలూ ఆపవలె. ఒకరు తనది ఆపినారు, రెండవది ఆగలేదు. ‘నాది ఆపినాను, మీరు నాది ఆపలేదు’ అన్న ధోరణిలో మాటలు సాగుతుండగానే విలువైన క్షణాలు గడచిపోయినవి. ఇద్దరూ అనుభవం గలవారే. వేగం చూపే ముల్లును చూచి బిగ్గరగా హెచ్చరించే పని మాత్రం సకాలంలో జరగలేదు.

ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం మంగుళూరు. 2010 మే 22 తెల్లవారుజామున ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ వారి బోయింగ్ 737-800 విమానం దుబాయి నుండి 166 మందితో వస్తున్నది. మంగుళూరు రన్‌వే కొండమీద చదును చేసిన బల్ల వంటిది. పొడవు 8,033 అడుగులు, చివర లోయ. అక్కడి రాడారు రెండు రోజుల క్రితమే చెడిపోయినది. సుమారు 130 మైళ్ల దూరంలో సహవైమానికుడు దిగడానికి అనుమతి కోరినాడు. ఇతర విమానాలతో ఎడం పాటింపవలసి ఉండుటచే, 80 మైళ్లు చేరినప్పుడు తెలుపమన్నారు. దిగడం ఆరంభమయ్యేసరికి మిగిలినది 77 మైళ్లు. పైన చెప్పిన 111 మైళ్ల లెక్కతో పోల్చి చూస్తే ఇబ్బంది ఎంతటిదో విద్యార్థులే గ్రహింపగలరు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. దారిలో కెప్టెన్ గంటన్నరకు పైగా నిద్రించినాడు. గాఢనిద్ర నుండి లేచిన మనిషికి కొంతసేపు బుద్ధి మందగించి ఉంటుంది. రన్‌వే దగ్గరపడేసరికి విమానం ఉండవలసిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉన్నది. చాలా ఎత్తులో ఉన్నామని సహవైమానికుడు చెప్పినాడు. గో అరౌండ్ అన్నాడు. మొదటిసారి ఆ మాట ప్రశ్నవలె వినబడినది. కెప్టెన్ విమానాన్ని నిటారుగా దించసాగినాడు. నిమిషానికి సుమారు 4,000 అడుగుల చొప్పున పడిపోతున్నామని భూసామీప్య హెచ్చరిక యంత్రం పలుమార్లు అరచినది. సరియైన మార్గంలో ఉన్నారా అని నేలమీది నియంత్రణాధికారి అడుగగా, ఉన్నామని చెప్పమని కెప్టెన్ సహవైమానికుని తొందరపెట్టినాడు. ఆ అసత్యపు జవాబు వినగానే దిగడానికి అనుమతి లభించినది. నేలమీదనున్నవాడు చేయగల సాయం కూడా ఆ ఒక్క మాటతో పోయినది.

రన్‌వే అంచుపై 50 అడుగుల ఎత్తు, 144 నాట్ల వేగం ఉండవలసిన విమానం సుమారు 200 అడుగుల ఎత్తు, 160 నాట్ల వేగంతో దాటినది. గతిశక్తి వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక, వేగం తొమ్మిదింట ఒక వంతు మాత్రమే పెరిగినా, బ్రేకులు మింగవలసిన శక్తి సుమారు 23 శాతం పెరిగినది. చక్రాలు నేలకు తగిలేసరికి 5,200 అడుగుల రన్‌వే వెనుకబడినది. రన్‌వే మిగలలేదని సహవైమానికుడు అన్నాడు. బ్రేకులు పడిన తరువాత కెప్టెన్ మళ్లీ పైకి లేవ ప్రయత్నించినాడు. అప్పటికి సమయం మించినది. విమానం లోయలో పడినది. 158 మంది మరణించగా 8 మంది మిగిలినారు.

ఎయిర్ మార్షల్ గోఖలే అధ్యక్షతన జరిగిన విచారణలో తేలిన విషయం గమనింపదగినది. సహవైమానికుడు మూడుసార్లు గో అరౌండ్ అన్నాడు, కెప్టెన్ లెక్కచేయలేదు. సహవైమానికుడు పగ్గాలు తన చేతికి తీసుకోవచ్చునా లేదా అన్న విషయంలో నియమాలు అస్పష్టంగా ఉండెనని కూడా ఆ విచారణ పేర్కొన్నది. అనగా నోరు తెరచినంత మాత్రాన పని పూర్తి కాలేదు. మాట వెనుక అధికారం ఉన్నదో లేదో తెలియని మనిషి చేయి కదలలేదు.

పదేళ్లకు అదే కథ మరొకచోట. 2020 ఆగస్టు 7న కోళిక్కోడులో వాన కురుస్తుండగా, వెనుకగాలిలో అదే సంస్థ విమానం దిగినది. చక్రాలు రన్‌వే సగం దగ్గర నేలను తాకినవి. 190 మందిలో 21 మంది, ఇద్దరు వైమానికులతో సహా, మరణించినారు. ప్రక్కనున్న వైమానికుడు గో అరౌండ్ అన్నాడని, అయినను కెప్టెన్ వినలేదని, అప్పుడు పగ్గాలు తీసుకొని తానే విమానాన్ని పైకి లేపకపోవడం కూడా లోపమేనని విచారణ చెప్పినది. చేయి కదలవలసిన క్షణంలో పెద్దవాని ముందు చిన్నవాని సంకోచమే నెగ్గినది.

ఈ సంకోచం కాక్‌పిట్‌లో పుట్టినది కాదు. ఇంట్లో, బడిలో, కార్యాలయంలో పెద్దల మాటకు ఎదురు చెప్పరాదని నేర్చుకొన్న మనుష్యులే అక్కడికి వెళ్లి కూర్చుంటారు. నల్లబల్ల మీద ఉపాధ్యాయుడు గుర్తు తప్పు వేసినప్పుడు, వెనుక బెంచీ విద్యార్థి లేచి ‘అయ్యా, అక్కడ ఋణచిహ్నం ఉండవలె’ అంటే, ఆ ఉపాధ్యాయుడు ఏమంటాడు? ‘కూర్చో’ అంటే ఆ పిల్లవాడు తన జీవితంలో ఆ మాటను మరువడు. ‘నిజమే, చూచి చెప్పినందుకు మేలు’ అంటే దానినీ మరువడు. మర్యాద గొప్ప గుణమే. కాని అపాయం ఎదురుగా ఉన్నప్పుడు తప్పును స్పష్టంగా చెప్పడమూ, చెప్పిన మాట విని చేయి ఆపడమూ ఆ మర్యాదలో భాగమే కావలె. ఆ అలవాటు పడవలసినది తరగతి గదిలోనే.