ఒక్కోసారి స్టార్ట్ కాని కారు: హ్యాండిల్ నుంచి స్కానర్ దాకా ఒక చరిత్ర

పల్నాడు చరిత్ర అనగానే కారంపూడి, బ్రహ్మనాయుడు, నాగమ్మ, కోడిపందెం గుర్తొస్తాయి కదా. ఈ ఎపిసోడ్‌లో చెప్పుకునేది వేరే చరిత్ర. నిన్న బాగా స్టార్ట్ అయి, ఇవాళ మొండికేసి, మెకానిక్ వచ్చేసరికి మళ్లీ బుద్ధిగా స్టార్ట్ అయ్యే కారు చరిత్ర.

పూర్తిగా ఆగిపోయిన బండిని బాగు చేయడం కొంత తేలిక. ఒక్కోసారి మొరాయించేదాన్ని పట్టుకోవడమే కష్టం. షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ అన్నీ బాగానే ఉంటాయి. ఇక అంచనా మీద బ్యాటరీ మారుస్తారు, తర్వాత సెల్ఫ్ మోటార్ మారుస్తారు. వేలకు వేలు పోతాయి, రోగం మాత్రం అలాగే ఉంటుంది. మాచర్ల నుంచి అర్ధరాత్రి ఎవరినైనా గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్లాలంటే వంద కిలోమీటర్ల పైనే దారి. ఆ టైంలో కారు మొరాయిస్తే అది డబ్బుతో పోయే విషయం కాదు.

మొదటి రోజులకి వెళ్దాం. అప్పట్లో కారుకి సెల్ఫ్ లేదు. ముందు వైపు ఇనుప హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పాలి. స్పార్క్ కాస్త ముందుగా పడితే ఇంజిన్ వెనక్కి తన్నేది, మణికట్టు విరిగేది. అందుకే బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేయకుండా, మిగతా వేళ్ల పక్కనే పెట్టుకోమని నేర్పేవాళ్లు. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ 1912 మోడల్ క్యాడిలాక్‌లో వచ్చింది. 1908లో మొదలైన ఫోర్డ్ మోడల్ టీకి అది 1919లో గానీ రాలేదు.

సెల్ఫ్‌తో చేతులు బతికాయి. కానీ అనుమానించాల్సినవి పెరిగాయి. హ్యాండిల్ కాలంలో ముఖ్యంగా చూడాల్సినవి రెండు: పెట్రోల్ వస్తోందా, స్పార్క్ పడుతోందా. ఇప్పుడు బ్యాటరీ, లావు వైర్లు, స్విచ్, మోటార్ కూడా లెక్కలోకి వచ్చాయి.

మన దేశానికి వస్తే అంబాసిడర్. హిందుస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో మొదలుపెట్టి 2014 దాకా పశ్చిమ బెంగాల్‌లో తయారుచేసిన బండి. పాత అంబాసిడర్లలో సెల్ఫ్ ఉండేది, హ్యాండిల్ కూడా ఉండేది. హ్యాండిల్ అంటే స్టెప్నీలాగా అవసరానికి పెట్టుకున్నదే అనుకుంటాం. నిజానికి అది పరీక్ష పెట్టే సాధనం కూడా. సెల్ఫ్‌తో కాని బండి హ్యాండిల్‌తో స్టార్ట్ అయిందంటే, పెట్రోల్ బాగుంది, స్పార్క్ బాగుంది, తేడా బ్యాటరీ వైపో సెల్ఫ్ వైపో ఉంది అని తేలిపోయేది. ఒక్క తిప్పుతో సగం అనుమానాలు కొట్టేయొచ్చు అన్నమాట.

ఇక్కడ మన ఎండల గురించి చెప్పాలి. రెంటచింతల ఉష్ణోగ్రత ప్రతి వేసవిలో వార్తల్లో వినేదే. అలాంటి ఎండలో అంబాసిడర్ గురజాలలో టీ కోసం ఆగిందనుకోండి. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగులుతుంది, పెట్రోల్ కదులుతూ ఉంటుంది. ఆపగానే ఇంజిన్ వేడి అంతా పక్కనే ఉన్న పెట్రోల్ పంపుకి ఎక్కుతుంది. పైపులో పెట్రోల్ ఆవిరవుతుంది. పంపు ఆవిరిని లాగలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసి కూర్చునేవాళ్లు. కాసేపటికి బండి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది.

అయితే డిస్ట్రిబ్యూటర్‌లో ఉండే కండెన్సర్ పాడైనా ఇదే తంతు. వేడెక్కితే పనిచేయదు, చల్లారితే పనిచేస్తుంది. తేడా ఎలా తెలిసేది? బండి ఆగిన ఆ క్షణంలోనే ప్లగ్‌లో స్పార్క్ చూడాలి. స్పార్క్ ఉంటే పెట్రోల్ గొడవ, లేకపోతే కండెన్సర్ వైపు చూడాలి. చల్లారాక చూస్తే రెండూ బాగానే కనిపిస్తాయి.

ఇంకోటి, డైనమో. ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే అది సరిగా ఛార్జ్ చేయదు. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల దారిలో, లైట్లు వేసుకుని రాత్రంతా నడక వేగంతో కదిలిన కారుని ఊహించుకోండి. తెల్లారి సెల్ఫ్ తిరగదు. తప్పు బ్యాటరీది కాదు, దానికి తిండి పెట్టలేదంతే. అందుకే మంచి మేస్త్రి బానెట్ ఎత్తకముందే అడిగేవాడు: "ఎప్పుడు స్టార్ట్ కావట్లేదు? పొద్దున్నేనా, వేడి మీదా?"

1983 డిసెంబర్‌లో మారుతీ 800 రోడ్డెక్కింది. డైనమో పోయి ఆల్టర్నేటర్ వచ్చింది, హ్యాండిల్ మాయమైంది. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగియడంతో కార్బురేటర్ కూడా పోయింది. పంపు ట్యాంకులోకి వెళ్లి, పెట్రోల్ ఒత్తిడితో రావడం మొదలయ్యాక వేపర్ లాక్ దాదాపు కనుమరుగైంది. మరి రోగం పోయిందా? లేదు, ఇల్లు మారింది. క్రాంక్ సెన్సర్ పాడవుతుంటే వేడి మీద సిగ్నల్ ఆగిపోతుంది, చల్లారాక వస్తుంది. అచ్చం పాత కండెన్సర్ లాగే!

2010 నుంచి కొత్త నిబంధనలతో కార్లు తమ లోపాలను తామే గుర్తించి కోడ్‌గా దాచుకోవడం తప్పనిసరైంది. స్కానర్ పెడితే ఆ కోడ్ కనిపిస్తుంది. చాలా మంచిదే. కానీ కారు కంప్యూటర్ దేన్ని గమనిస్తుందో దాని గురించే చెప్పగలదు. వదులైన బ్యాటరీ టెర్మినల్, తుప్పు పట్టిన ఎర్త్ వైర్ చాలాసార్లు ఏ కోడూ ఇవ్వవు.

అందుకే ఆ పాత ప్రశ్న ఇప్పటికీ పనికొస్తుంది. "టిక్" మని లైట్లు డిమ్ అయిపోతే ముందు టెర్మినల్స్, బ్యాటరీ చూడాలి. లైట్లు వెలుగుతూ ఒక్క "టిక్" మాత్రమే వస్తే సెల్ఫ్ మోటార్, దాని వైరు. సెల్ఫ్ బాగా తిరిగి కూడా ఇంజిన్ అందుకోకపోతే పెట్రోల్, స్పార్క్, సెన్సర్. డ్యాష్‌బోర్డ్ మీద తాళం గుర్తు మినుకుమంటే కీలో ఉన్న చిప్‌ని అనుమానించాలి. మీటర్ ఉంటే ఇంకా మంచిది: ఆగిన బండిలో నిండుగా ఛార్జ్ ఉన్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుంటే సుమారు 14 వోల్టులు చూపించాలి.

మీ కారు ఈసారి మొరాయిస్తే మళ్లీ మళ్లీ కీ తిప్పకండి. ఫోన్ తీసి, డ్యాష్‌బోర్డ్ లైట్లు కనిపించేలా, సెల్ఫ్ శబ్దం వినిపించేలా ఒక్కసారి వీడియో తీయండి. టైం, ఎండ, బండి ఎంతసేపు ఆగి ఉందో కూడా రాసుకోండి. మెకానిక్ వచ్చేసరికి మాయమయ్యే రోగానికి అదే సాక్ష్యం. అప్పట్లో హ్యాండిల్ చేసిన పని ఇప్పుడు మీ జేబులో ఉన్న ఫోన్ చేయగలదు. పార్ట్ మార్చమనే ముందు ఆ వీడియో చూపించండి. మీ కారు ఎప్పుడు మొరాయిస్తుందో కామెంట్లలో చెప్పండి. మళ్లీ కలుద్దాం.